మూడొందల గ్రాముల అదనపు గ్యాస్: మధ్యాహ్నం చల్లబడని ఒక టన్నున్నర ఏసీ

ఇల్లు విజయవాడలో. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఆఖరి అంతస్తు, పడమటి పడకగది. గది 12 బై 14 అడుగులు, ఎత్తు 10. ఏసీ టన్నున్నర ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే) స్ప్లిట్, 3 స్టార్, గ్యాస్ ఆర్32, కొని నాలుగేళ్లు. మే రెండో వారంలో వచ్చిన ఫిర్యాదు ఇది: 24లో పెట్టినా మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా గది 30 డిగ్రీల కిందకు దిగదు. అర్ధరాత్రి దాటాక 26కి వస్తుంది. తెల్లవారుజామున దుప్పటి కావాలి.

పాత చరిత్ర కూడా ఉంది. నిరుడు మేలో ఇండోర్ పైపుల మీద ఐసు కట్టింది, పొద్దున్నే గోడ వెంట నీళ్లు కారాయి. గ్యాస్ తక్కువైందని చెప్పి నింపారు. ఈ ఏప్రిల్‌లో కూలింగ్ మళ్లీ తగ్గింది, మళ్లీ నింపారు. మూడోసారి వచ్చినవాళ్లు కంప్రెసర్ వీక్ అయిందన్నారు, లేదంటే బోర్డు మార్చాలన్నారు. మూడు విజిట్లలో ఎవరూ కాగితం మీద ఒక్క కొలతా రాయలేదు. నింపిన గ్యాస్ ఎన్ని గ్రాములో బిల్లులోనూ లేదు.

ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు లాంటిది కాదు, వాడేకొద్దీ తరిగిపోదు. బిగించిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు వెతక్కుండా రెండుసార్లు గ్యాస్ పోశారంటే, అసలు తగ్గిందో లేదో తేల్చుకోవడమే మొదటి పని. అందుకే గ్యాస్ ప్రెజర్ చూపే గేజ్ సంచిలోనే ఉంది, మొదట గాలి సంగతి చూశాం.

గేజ్ తగిలించకముందు

మధ్యాహ్నం 3 గంటలు, బయట నీడలో 42 డిగ్రీలు. ఏసీని 16లో, ఫ్యాన్ హైలో పెట్టి, తలుపులు మూసి ఆన్ చేశాం. ఉష్ణోగ్రత రెండుచోట్ల కొలిచాం: పైన గాలి లోపలికి వెళ్లే దగ్గర ఒక ప్రోబు, కింద చల్లగాలి వచ్చే మూతి మధ్యలో ఇంకొకటి. ఇక్కడ లేజర్ గన్ పనికిరాదు. అది గాలిని కొలవలేదు, ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ రెక్కను కొలుస్తుంది.

పదో నిమిషంలో లోపలికి వెళ్లే గాలి 30.5, వచ్చే గాలి 16.5. తేడా 14 డిగ్రీలు. అంకె చూస్తే బ్రహ్మాండం. మన కోస్తా తేమలో 10 నుంచి 13 ఉంటే చాలనుకుంటాం. తేడా మరీ బాగుండి గది చల్లబడడం లేదంటే, చల్లదనం ఉంది, మోసుకొచ్చే గాలి లేదు. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్‌తో మూతి పొడవునా ఐదుచోట్ల చూస్తే సగటు వేగం సెకనుకు 2.6 మీటర్లు. మూతి వైశాల్యం సుమారు 0.056 చదరపు మీటర్లు కాబట్టి గాలి నిమిషానికి 310 ఘనపుటడుగులు. ఈ సైజు మిషన్ 500 దరిదాపుల్లో ఇవ్వాలి.

ఇంటివాళ్లు పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడుగుతున్నారు. ఫిల్టర్ నిజంగానే శుభ్రంగా ఉంది. ముందు కాయిల్ కూడా తళతళలాడుతోంది, నెల కిందటే జెట్ పంపుతో వాటర్ సర్వీస్ జరిగింది. టార్చి వేసి కింది మూతిలోంచి బ్లోయర్ రెక్కల్ని చూస్తే అసలు సంగతి బయటపడింది. ప్రతి రెక్క లోపలి వంపులో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన జిడ్డుతో కలిసిన దుమ్ము, దుప్పటి నూలులా పట్టి ఉంది. పక్కనే వంటగది, తాలింపు పొగ ఇటే వస్తుంది. రోజూ సాంబ్రాణి. ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది కానీ నూనె ఆవిరిని ఆపలేదు. రెక్క వంపు పూడిపోతే బ్లోయర్ తిరుగుతున్నట్టే ఉంటుంది, శబ్దమూ వస్తుంది, గాలిని మాత్రం తోయలేదు. మామూలు సర్వీసులో పైనుంచి కొట్టే నీళ్లు కాయిల్ దాటి రెక్కల లోపలి వైపుకు చేరవు. సర్వీస్ అయిన మర్నాడే గాలి అంతంతమాత్రంగా ఉందంటే ముందు చూడాల్సింది ఇదే.

క్లాంప్ మీటర్ చెప్పింది

ఇక్కడిదాకా చూసి బ్లోయర్ కడిగి వెళ్లిపోతే కేసు సగమే తేలేది. మిషన్‌ను అలాగే నడుస్తూ ఉండనిచ్చి, ఫేజు వైరు ఒక్కదాని చుట్టూ క్లాంప్ మీటర్ పెట్టి ప్రతి రెండు నిమిషాలకూ అంకె రాశాం. మొత్తం కేబుల్ చుట్టూ పెడితే సున్నా చూపిస్తుంది, ఒక్క తీగకే పెట్టాలి. లోడులో వోల్టేజి 228, అక్కడ పేచీ లేదు. నేమ్‌ప్లేట్ మీద రేటెడ్ కరెంటు 6.9 ఆంప్స్, గరిష్ఠం 10.

మొదటి పది నిమిషాల్లో కరెంటు 8.9కి ఎక్కింది. ఇరవయ్యో నిమిషం నుంచి దిగడం మొదలై 4.4 దగ్గర ఆగింది. గది ఇంకా 30లోనే ఉంది! సెట్ చేసిన చలి అందినప్పుడు ఇన్వర్టర్ వేగం తగ్గించడం సహజమే, ఇక్కడ అది అందడానికి ఆమడ దూరం ఉంది. అంటే మిషన్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు, రాదు కూడా. చాలా కంపెనీల బోర్డుల్లో ఈ దశ లోపం కిందికి రాదు, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. కంప్రెసర్ వీక్ అన్న మాట ఇక్కడే పుట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు కరెంటు 4.4 చూశారు, దానికి ముందు 8.9 చూడలేదు.

ఆ తగ్గిన వేగంలో తేడా 14 నుంచి 9 డిగ్రీలకు పడిపోయింది. డ్రెయిన్ పైపు కింద సీసా పెడితే అరగంటలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పడ్డాయి. గాలి, తేడా, నీళ్లు మూడూ కలిపి లెక్కిస్తే గదిలోంచి తీస్తున్న వేడి 2 కిలోవాట్లకు అటూ ఇటూ. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్లు. టన్నున్నర మిషన్ అర టన్ను పని చేస్తోందన్నమాట.

వేగం ఎందుకు తగ్గించుకుందో ఔట్‌డోర్ దగ్గర తేలాలి. ఈ రకం స్ప్లిట్‌లకు సర్వీస్ పోర్టు ఒక్కటే, లావు పైపు వాల్వ్ దగ్గర. కంప్రెసర్ గ్యాస్‌ను నెట్టే వైపు (హై సైడ్) ప్రెజర్ చూసే దారి లేదు. దానికి బదులు కండెన్సర్ (బయట వేడిని వదిలే కాయిల్) మధ్యలో ఒక యూ బెండు మీద ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగ కట్టి, పైన ఇన్సులేషన్ చుట్టాలి. అక్కడ గ్యాస్ ద్రవంగా మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఉష్ణోగ్రతకు ఒకే ప్రెజర్ ఉంటుంది. ఇరవయ్యో నిమిషంలో అక్కడ 63 డిగ్రీలు. ఆర్32కు 50 డిగ్రీల దగ్గరే 440 పీఎస్ఐ ప్రెజర్ ఉంటుంది, 63 అంటే ఇంకెంత పైకి వెళ్లిందో ఊహించుకోవచ్చు. బోర్డు వేగం కోశాక 58.5 దగ్గర నిలబడింది.

కండెన్సర్ వెనక ప్రోబు వేలాడదీస్తే అది పీల్చుకునే గాలి 49 డిగ్రీలు. బయట 42, ఇక్కడ 49!

డక్ట్‌లో జరుగుతున్నది

ఔట్‌డోర్‌లన్నీ ఐదు బై ఆరు అడుగుల డక్ట్‌లో (భవనంలో పైనుంచి కిందిదాకా బావిలా వదిలిన సందులో), అంతస్తుకు రెండు చొప్పున గోడలకు బిగించి ఉన్నాయి. మొత్తం పది. మధ్యాహ్నం నడుస్తున్నవి ఆరు. ఒక్కోటీ గదిలోంచి తీసిన వేడిని, తాను తాగిన కరెంటును కలిపి 5 కిలోవాట్లకు తగ్గకుండా అదే సందులోకి వదులుతుంది. బాత్రూంలో పెట్టే 2 కిలోవాట్ల గీజర్లు పదిహేను ఒకే బావిలో దించి ఆన్ చేసినట్టు. వేడిగాలి పైకే పోతుంది కనుక కింది అంతస్తులవాళ్ల ఊపిరి పై అంతస్తు మిషన్ పీలుస్తుంది. టెర్రస్ మీంచి ప్రోబు వైరు వదిలి చూస్తే రెండో అంతస్తు ఎత్తులో 44, మూడో దగ్గర 45.5, ఐదో దగ్గర 49. దీనికి తోడు వాన పడకుండా డక్ట్ నెత్తిన ఫైబర్ షీటు వేశారు, చుట్టూ అడుగు సందు మాత్రమే వదిలారు. పొయ్యి మీద మూత పెట్టినట్టయింది.

మోటు లెక్క చెప్పాలంటే, ఔట్‌డోర్ పీల్చే గాలి ఒక డిగ్రీ పెరిగితే కెపాసిటీ ఒక శాతం చొప్పున తగ్గుతుంది, కరెంటు రెండు శాతానికి పైనే పెరుగుతుంది. ఏసీ మీద రాసే కెపాసిటీ బయట 35, లోపల 27 డిగ్రీల దగ్గర కొలిచింది. 49కి ఎవరూ హామీ ఇవ్వరు. అయినా ఏడు డిగ్రీల అదనపు వేడి ఒక్కటే కండెన్సర్‌ను 63కి తీసుకుపోదు. పీల్చే గాలికీ, మధ్య కాయిల్‌కూ తేడా 14 ఉంది. శుభ్రంగా ఉన్న కాయిల్‌తో ఈ మిషన్ ఫుల్ స్పీడులో 10, 11 దగ్గర ఉండాలి. కాయిల్ చూస్తే శుభ్రంగానే ఉంది, ఫ్యాన్ వేగమూ సరిగానే ఉంది. లోపల ఇంకేదో ఇరుకు ఉంది.

ఇప్పుడు గేజ్

లావు పైపు పోర్టుకు గేజ్ తగిలించేటప్పటికే ఒక చిన్న సంగతి కనిపించింది: పోర్టు మీద ఇత్తడి మూత లేదు, సబ్బునీళ్లు వేస్తే లోపలి వాల్వ్ పిన్ దగ్గర నిమిషానికో బుడగ. మూత అనేది దుమ్ముకు అడ్డం మాత్రమే అనుకుంటారు. గ్యాస్‌ను నిజంగా ఆపేది అదే, పిన్ రెండో వరస.

మొదటి పది నిమిషాల్లో ప్రెజర్ 108 పీఎస్ఐ. ఆర్32కు అది ఒక డిగ్రీ చిల్లర ఉష్ణోగ్రతకు సమానం. సున్నాకు 103, 5 డిగ్రీలకు 123, 10 డిగ్రీలకు 146. కాయిల్ మీద గాలి చాలక గ్యాస్‌కు మరగడానికి వేడి అందడం లేదు, అందుకే ప్రెజర్ కిందికి దిగింది. ఇరవై నిమిషాల తర్వాత కంప్రెసర్ వేగం తగ్గి పీల్చడం తగ్గగానే అదే గేజ్ 142కి ఎక్కింది. ఒకే మిషన్, ఒకే గ్యాస్, అరగంటలో రెండు వేరు వేరు అంకెలు. ఇన్వర్టర్ ఏసీలో గేజ్ చూసి గ్యాస్ నింపడం ఎందుకు కుదరదో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

నిరుటి నుంచి జరిగినదాన్ని ఈ అంకెలతో వెనక్కి చదవొచ్చు. బ్లోయర్ పూడింది. గాలి తగ్గి ప్రెజర్ 105 దగ్గరికి పడింది, రాత్రుళ్లు ఇంకా దిగి కాయిల్ మీద ఐసు కట్టింది. చేతికి అలవాటైన అంకె 140, 150. "గ్యాస్ తక్కువ" అన్నారు, 145 వచ్చేదాకా పోశారు. అసలు ఐసు కట్టిన తీరే వేరే చెబుతోంది. ఇంటివాళ్ల ఫోనులో నిరుటి ఫొటో ఉంది: సన్న పైపు, లావు పైపు రెండింటి మీదా తెల్లగా మంచు. గ్యాస్ నిజంగా తక్కువైతే సన్న పైపు మీద, కాయిల్ మొదటి రెండు మూడు వరసల్లో మాత్రమే ఐసు కడుతుంది, లావు పైపు పొడిగా, గోరువెచ్చగా ఉంటుంది. రెండూ తెల్లబడ్డాయంటే గాలి తక్కువ. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలా సిలిండర్లు మిగులుతాయి.

సన్న పైపు గురించి ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపిస్తుంది. దాన్ని "లిక్విడ్ లైన్" అంటాం కాబట్టి సబ్ కూలింగ్ (ద్రవంగా మారిన గ్యాస్, మారే ఉష్ణోగ్రత కన్నా ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందన్నది) అక్కడ కొలుస్తారు. మన ఇళ్ల స్ప్లిట్‌లలో ప్రెజర్ తగ్గించే కేపిలరీ గానీ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గానీ ఔట్‌డోర్ లోపలే ఉంటుంది. బయటికి వచ్చే సన్న పైపులో ఉన్నది అప్పటికే ప్రెజర్ పడిపోయిన చల్లటి మిశ్రమం. సబ్ కూలింగ్ కావాలంటే ఔట్‌డోర్ కవరు విప్పి, కండెన్సర్ చివరి గొట్టం మీద, వాల్వ్‌కు ముందు కొలవాలి. ఇక్కడ అది 50.5. కండెన్సింగ్ 58.5, అంటే 8 డిగ్రీలు. వేగం సగానికి తగ్గిన స్థితిలో ఈ సైజు మిషన్‌కు 3, 4 దాటకూడదు. చివరి గొట్టం పీల్చే గాలికి ఒకటిన్నర డిగ్రీ దూరంలో ఉందంటే, కండెన్సర్ కింది వరసలు ద్రవంతో నిండి కూర్చున్నాయి. ఆ వరసలు వేడిని వదిలే పని మానేసి గోదాముగా మారాయి. ఇవన్నీ అదనపు గ్యాస్ గుర్తులే.

సెన్సర్లు కూడా చూశాం, త్వరగా తేలిపోయింది. కాయిల్ సెన్సర్‌నూ గది సెన్సర్‌నూ విప్పి ఐసు నీళ్ల గ్లాసులో ముంచితే రెండూ 30 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాయి. 25 డిగ్రీలకు 10 కిలో ఓమ్ రకానికి 28 నుంచి 33 మధ్య రావాలి. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు రన్ కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడేది) ఉండదు. ఇదే ఫిర్యాదు పాత ఫిక్స్‌డ్ స్పీడ్ మిషన్ మీద వచ్చి ఉంటే మొదటి అనుమానం దాని మీదే: 45 మైక్రోఫారడ్లది 35కి పడిపోతే మధ్యాహ్నం స్టార్ట్ కాదు, రాత్రి అవుతుంది.

వరసగా ఏం చేశాం, ఒక్కోదాని వల్ల ఎంత మారింది

మొదట బ్లోయర్. మెయిన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. ఇండోర్ బాడీ విప్పి, కాయిల్‌ను కుడివైపు కొంచెం లేపి, మోటారు షాఫ్టు దగ్గర గ్రబ్ స్క్రూ వదులు చేస్తే బ్లోయర్ పక్కకు జారి వస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్, అరగంట. యాసిడ్ వద్దు: కాయిల్ తెల్లగా మెరుస్తుంది కానీ అల్యూమినియం ఫిన్నులు తినేస్తుంది, రాగి మీద సూదిరంధ్రాలకు దారి వేస్తుంది. తిరిగి బిగించాక గాలి వేగం 2.6 నుంచి 4.1 మీటర్లకు, అంటే 485 ఘనపుటడుగులకు వచ్చింది.

ఆశ్చర్యం ఏమిటంటే మర్నాడు మధ్యాహ్నం ఈ శుభ్రమైన బ్లోయర్‌తో నడిపితే మిషన్ ఇరవై నిమిషాలకు బదులు పదమూడో నిమిషంలోనే వేగం తగ్గించుకుంది. లోపల ఎక్కువ వేడి తీస్తే బయట ఎక్కువ వదలాలి, బయట వదిలే చోటు లేదు. బ్లోయర్ కడిగి డబ్బులు తీసుకుని వెళ్లిపోతే ఆ ఇంట్లో కూలింగ్ ఇంకా తగ్గిందనే అనేవాళ్లు.

అదే రోజు పొద్దున 6 గంటలకు ఇంకో పరీక్ష జరిగింది. రాత్రంతా ఏసీ ఆపి, కిటికీలు తెరిచి ఉంచారు. లోపలా బయటా 29 డిగ్రీలు. మిషన్ ఆగి ఉన్నప్పుడు లోపలి ప్రెజర్ ఆ ఉష్ణోగ్రతకు రావాల్సిన అంకెకే సరిపోవాలి, గ్యాస్ ఎక్కువున్నా తక్కువున్నా ద్రవం కాస్త ఉంటే చాలు. 29కి ఆర్32 ప్రెజర్ 258 పీఎస్ఐ. గేజ్ 272 చూపింది. పైనున్న 14 పీఎస్ఐ గాలిది. గ్యాస్ నింపేటప్పుడు గొట్టంలోని గాలిని బయటికి వదలకుండా తగిలిస్తే అది నేరుగా లోపలికి పోతుంది. గాలి ద్రవంగా మారదు, కండెన్సర్‌లో చోటు ఆక్రమించి కూర్చుంటుంది. గాలితో పాటు తేమ కూడా. ఆర్32లో వాడే నూనె తేమను ఉప్పులా పీల్చుకుంటుంది.

అందువల్ల అదనపు గ్యాస్‌ను కొంచెం వదిలేసి సరిపెట్టడం కుదరదు. మొత్తం తీసేయాలి. రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి లాగి కాటా మీద తూచాం: 1,290 గ్రాములు. నేమ్‌ప్లేట్ మీద 960, అది 5 మీటర్ల పైపుకు. ఆపైన మీటరుకు 20 గ్రాములు కలపమని మాన్యువల్. ఇక్కడి పైపు 7 మీటర్లు, కాబట్టి ఉండాల్సింది 1,000. రికవరీలో ఎప్పుడూ కొద్దిగా లోపల మిగిలిపోతుంది కనుక అదనం 290కి తక్కువ కాదు. "అయిపోయిన" గ్యాస్ దాదాపు మూడోవంతు ఎక్కువుంది.

లీకు లేదని నిర్ధారించడానికి పిన్ మార్చి, నైట్రోజన్ 400 పీఎస్ఐ ఎక్కించి రాత్రంతా వదిలాం. సాయంత్రం 38 డిగ్రీలప్పుడు 400, పొద్దున 29 డిగ్రీలప్పుడు 388. ఇది లీకు కాదు. ఉష్ణోగ్రత 9 డిగ్రీలు తగ్గితే ఆ ప్రెజర్ దగ్గర సుమారు 12 పీఎస్ఐ తగ్గాల్సిందే. ఈ లెక్క వేయనివాళ్లు లేని లీకు కోసం పైపులు కోస్తారు.

తర్వాత వాక్యూమ్. రెండు స్టేజీల పంపు, 45 నిమిషాలు, వాక్యూమ్ ఎంత లోతుందో చూపే మైక్రాన్ గేజ్ 450కి దిగేదాకా. పంపు వాల్వ్ మూసి పదిహేను నిమిషాలు ఆగితే 620 దగ్గర నిలిచింది. వెయ్యి దాటి ఎక్కుతూనే ఉంటే తేమ గానీ లీకు గానీ ఉన్నట్టు. మామూలు మానిఫోల్డ్ గేజ్ మైనస్ 30 చూపిస్తే చాలదు. ఆ ముల్లుకు 500 మైక్రాన్లూ, 10,000 మైక్రాన్లూ ఒకటే. కంప్రెసర్‌తోనే వాక్యూమ్ లాగడం, గ్యాస్ కొంచెం వదిలి గాలిని "తోసేయడం" మన దగ్గర ఇంకా నడుస్తున్నాయి. ఆర్22 కాలంలో మినరల్ ఆయిల్ క్షమించిన తప్పులు అవి. పైగా ఆర్32కు మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది, మూసిన గదిలోకి వదలకూడదు. గ్యాస్ ఉండగా పైపులు అతికే మంట టార్చి వెలిగించనే కూడదు.

కొత్త గ్యాస్ కాటా మీద సరిగ్గా 1,000 గ్రాములు. బయటికి తీసినదాంట్లో గాలి కలిసింది కాబట్టి తిరిగి వాడలేదు. ఆ మధ్యాహ్నం అదే డక్ట్‌లో, 48 డిగ్రీల గాలితో: కండెన్సర్ మధ్య కాయిల్ 59, వేగం తగ్గడం నలభయ్యో నిమిషానికి మొదలైంది, అదీ కొంచెమే. గది 27.5కి వచ్చింది. ఇంటివాళ్లు ఇది చాలన్నారు. నలభయ్యో నిమిషం చూసినవాళ్లకు చాలదు.

ఔట్‌డోర్ టెర్రస్ మీదికి

అసోసియేషన్ ఫైబర్ షీటు తీయడానికి ఒప్పుకోలేదు, వాన నీళ్లు కింది బాత్రూం కిటికీల్లో పడతాయని. అది న్యాయమే. టెర్రస్ మీద స్టాండుకు మాత్రం వారం తర్వాత అనుమతి దొరికింది. ఎండలో పెడితే ఇంకా వేడెక్కదా అని అందరూ అడిగే ప్రశ్న. డబ్బా మీద పడే ఎండ వల్ల పెరిగే వేడి స్వల్పం. ఫ్యాన్ గంటకు వేల ఘనపు మీటర్ల గాలిని లాగుతుంది, ఆ గాలి ఎంత వేడిగా ఉందన్నదే ముఖ్యం. నీడ కావాలంటే మూడడుగుల పైన ఒక రేకు చాలు, నాలుగు వైపులా తెరిచి. గోనెపట్టా తడిపి కాయిల్ మీద వేయడం మాత్రం వద్దు. బోరు నీళ్ల ఉప్పు ఫిన్నుల మీద తెల్లగా పేరుకుని రెండు వేసవుల్లో కాయిల్‌ను మూసేస్తుంది.

ఇప్పుడు లోపలున్నది శుభ్రమైన గ్యాస్ కాబట్టి పంప్ డౌన్ (గ్యాస్ మొత్తాన్ని ఔట్‌డోర్‌లోకి లాగి మూసేయడం) చేయవచ్చు. టెస్ట్ మోడ్‌లో నడుపుతూ సన్న వాల్వ్ మూసి, లావు వైపు గేజ్ 5 పీఎస్ఐకి దిగగానే లావు వాల్వ్ మూసి, వెంటనే కరెంటు ఆపాలి. ఈ కొద్ది నిమిషాల్లో గేజ్ మీంచి చూపు తిప్పకూడదు. కంప్రెసర్ తిరుగుతుండగా పైపు నట్టు వదులు చేస్తే గాలి లోపలికి దూరి, నూనెతో కలిసి, ఆ ప్రెజర్‌కు డీజిల్ ఇంజన్‌లా పేలుతుంది. గాలి కలిసిందని తెలిసిన పాత గ్యాస్‌తో పంప్ డౌన్ చేయకపోవడానికి కారణం ఇదే.

కొత్త పైపు 9 మీటర్లు, పావు అంగుళం, అర అంగుళం. ఫ్లేర్లు (నట్టుకు ఆనేలా వెడల్పు చేసిన పైపు చివర్లు) కొత్తగా కొట్టి, వెనకవైపు ఒక చుక్క నూనె రాసి, టార్క్ రెంచితో బిగించాం: సన్నదానికి 16 న్యూటన్ మీటర్లు, లావుదానికి 55. చేత్తో బలం కొద్దీ బిగిస్తే ఫ్లేర్ అంచు పలచబడి, ఆరు నెలల తర్వాత అసలైన లీకు మొదలవుతుంది. పైపులకూ ఇండోర్‌కూ వాక్యూమ్ 25 నిమిషాలు. రెండు మీటర్లు పెరిగినందుకు 40 గ్రాములు కలిపాం. ఔట్‌డోర్ వెనక గోడకు అడుగు, ముందు ఆరడుగులు ఖాళీ. పిట్టగోడకు ఎదురుగా పెడితే డక్ట్‌లోంచి తెచ్చి ఇంకో డక్ట్‌లో పెట్టినట్టే.

బయట 42 ఉన్న మధ్యాహ్నం ఫలితం: పీల్చే గాలి 43, మధ్య కాయిల్ 54, సబ్ కూలింగ్ 5. లావు పైపు (సక్షన్) ప్రెజర్ 128 పీఎస్ఐ. కరెంటు 7.3 ఆంప్స్ దగ్గర ఎక్కి, గది 26 చేరేదాకా అక్కడే నిలిచింది, మధ్యలో దిగలేదు. లోపలి గాలి 27.5, వచ్చేది 15, తేడా 12.5, అదీ పూర్తి గాలితో. అరగంట నీళ్లు 520 మిల్లీలీటర్లు. వేడి లెక్క 4 కిలోవాట్లు దాటింది. ఈ పద్ధతిలో పది శాతం అటూ ఇటూ ఉంటుంది, అయినా మొదటి రోజుకు రెట్టింపు. గది 31 నుంచి 25.5కి రావడానికి 50 నిమిషాలు పట్టింది.

మిగిలినది స్లాబు. సాయంత్రం 7 గంటలకు సీలింగ్ అడుగుభాగం 40 డిగ్రీలు (దీనికి లేజర్ గన్ చక్కగా పనికొస్తుంది). 168 చదరపుటడుగుల కప్పు 26 డిగ్రీల గదిలోకి సుమారు ఒకటిన్నర కిలోవాట్ల వేడి దించుతుంది, రాత్రి తొమ్మిది దాకా. ఏసీ శక్తిలో మూడోవంతు దానికే పోతుంది. టెర్రస్ మీద తెల్ల రిఫ్లెక్టివ్ పూత సూచించాం. హైదరాబాద్‌వైపు ఈ మాట ఇప్పుడు కొత్త కాదు, తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఇక్కడ పూత ఇంకా వేయలేదు, కాబట్టి రాత్రి తొమ్మిది దాకా 24లో పెట్టినా గది 25, 26 మధ్యే ఉంటుంది. ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పాం, లేకపోతే జూన్‌లో మళ్లీ గ్యాస్ మీదికి వస్తుంది.

ఔట్‌డోర్ కవరు లోపలివైపు చెరగని మార్కర్‌తో రాసి పెట్టాం: ఆర్32, 1,040 గ్రాములు, పైపు 9 మీటర్లు, తేదీ. కింద ఇంకో వరస: బయట 42లో, ఫుల్ స్పీడ్‌లో 7.3 ఆంప్స్, తేడా 12.5. పోర్టుకు కొత్త ఇత్తడి మూత బిగించి ఉంది.